సైబర్ సెక్యూరిటీలో మొదటి ఉద్యోగానికి ఇంట్లోనే తయారవుదాం

ఈ రంగంలో కొత్తవాళ్లకు ఎక్కువగా దొరికే మొదటి ఉద్యోగం ఎస్‌ఓసీ అనలిస్ట్, అందులోనూ ఎల్1, అంటే మొదటి స్థాయి. ఎస్‌ఓసీ అంటే సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్. బ్యాంకులు, ఆసుపత్రులు, విదేశీ కంపెనీల కంప్యూటర్ల నుంచి వచ్చే సమాచారాన్ని ఒకచోట కూర్చుని రాత్రీపగలూ గమనించే విభాగం ఇది. హైదరాబాద్‌లో హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు ఇలాంటివి చాలానే ఉన్నాయి. తెర మీద ఒక అలర్ట్ వస్తుంది. దాన్ని తెరవాలి, దాని వెనకున్న లాగ్, అంటే యంత్రం నమోదు చేసుకున్న వివరాలు, చదవాలి. నిజంగా ఎవరైనా దాడి చేస్తున్నారా, లేక ఉద్యోగి ఎవరో పాస్‌వర్డ్ మరిచిపోయి తడుముకుంటున్నారా అన్నది తేల్చాలి. టికెట్‌లో నాలుగు వాక్యాలు రాసి మూసెయ్యాలి. తేలకపోతే పై స్థాయి అయిన ఎల్2కి పంపాలి. చెప్పుకోవడానికి ఇంతే, కానీ ఒక్క షిఫ్టులోనే ఇలాంటివి వరసగా వస్తూనే ఉంటాయి.

యూట్యూబ్ చూసి ఇటు వచ్చేవాళ్లలో చాలామందికి ఈ పని సంగతే తెలియదు. నల్ల తెర, ఆకుపచ్చ అక్షరాలు చూసి ముచ్చటపడి, దాడి పనిముట్లతో వచ్చే కాలీ లైనక్స్ ఎక్కించుకుంటారు. వారం తిరిగేసరికి ఏం చెయ్యాలో తోచక వదిలేస్తారు. నా సలహా వేరు. దాడి నేర్చుకునే ముందు దాడి జరిగితే ఎలాంటి ఆనవాళ్లు మిగులుతాయో చదవడం నేర్చుకుందాం. అందుకు మన కంప్యూటర్‌లోనే రెండు చిన్న యంత్రాలు పెట్టి, ఒకదాని చేత రెండోదాని తలుపు తట్టించి, రెండోదాంట్లో ఏం నమోదైందో చూద్దాం. చూసినదాన్ని అర పేజీ నోట్‌గా రాద్దాం. రేపు ఇంటర్వ్యూలో మాట్లాడటానికి మీ చేతిలో ఉండే సరుకు ఆ నోట్లే.

కావలసినవి

1. కంప్యూటర్. 8 జీబీ ర్యామ్ ఉంటే పని నడుస్తుంది, 16 ఉంటే హాయి. డిస్కులో 80 జీబీ దాకా ఖాళీ చేసుకోండి, ఎస్ఎస్‌డీ అయితే మంచిది. 4 జీబీ ర్యామ్ మాత్రమే ఉన్నవాళ్లు నిరుత్సాహపడొద్దు. కింద చెప్పే మొదటి రెండు మెట్లు దాంతోనే ఎక్కొచ్చు, ఆ తర్వాత ట్రైహ్యాక్‌మీ లాంటి బ్రౌజర్ ల్యాబ్‌లు ఉన్నాయి.

2. వర్చువల్‌బాక్స్. ఒరాకిల్ వాళ్ల ఉచిత సాఫ్ట్‌వేర్. కంప్యూటర్ లోపల కంప్యూటర్‌ను నడిపిస్తుంది.

3. ఉబుంటు సర్వర్ ఎల్‌టీఎస్ ఐఎస్‌ఓ ఫైల్, కాలీ లైనక్స్ వాళ్లు వర్చువల్‌బాక్స్ కోసం సిద్ధం చేసి పెట్టిన ఫైల్. రెండూ జీబీల్లో ఉండే పెద్ద ఫైళ్లు. మొబైల్ డేటా మీద దించేవాళ్లు ఆ రోజు ప్యాక్ ఎంత మిగిలిందో చూసుకుని మొదలుపెట్టండి. సగంలో ఆగిన ఫైల్ తర్వాత పెట్టే తలనొప్పి అంతా ఇంతా కాదు.

4. ఒక లాంగ్ నోట్‌బుక్, పెన్ను. కంప్యూటర్‌లో రాసుకోవచ్చు కదా అంటారు. తెర నిండా మూడు విండోలు తెరిచి ఉన్నప్పుడు పక్కన కాగితం ఉంటే ఎంత సుఖమో రెండో రోజుకే తెలుస్తుంది.

5. రోజుకో గంట. ఆదివారం ఎనిమిది గంటలు కూర్చుని మిగతా వారమంతా మానేయడం కంటే రోజూ గంట మేలు. కమాండ్లు చేతివేళ్లకు అలవాటవ్వాలి.

ఖరీదైన గేమింగ్ ల్యాప్‌టాప్ అక్కర్లేదు. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ అసలే వద్దు. దాంతోపాటు ఏ మాల్‌వేర్ వచ్చి కూర్చుంటుందో తెలియదు, పైగా మనం అడుగుపెట్టబోయేది దాన్ని పట్టుకునే ఉద్యోగంలోకి.

చెయ్యి పెట్టే ముందు ఒక్క మాట

మనం చేసేదంతా మన సొంత యంత్రాల మీదే, లేదా సాధన కోసమే పెట్టిన సైట్ల మీదే. కాలేజీ పోర్టల్, హాస్టల్ వైఫై, పక్కింటి రౌటర్, ఊళ్లో షాపు వెబ్‌సైట్ జోలికి పోకూడదు. ‘ఊరికే స్కాన్ చేసి చూశాను’ అన్నా ఒప్పుకోరు. 2000 నాటి ఐటీ చట్టం సెక్షన్ 43 ప్రకారం యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి ప్రవేశిస్తే నష్టపరిహారం కట్టాలి. అదే పని దురుద్దేశంతో చేస్తే సెక్షన్ 66 కింద 3 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కేసు ఒకటి పడితే ఈ రంగంలో ఉద్యోగం మీద ఆశ వదులుకోవాల్సిందే. అనుమతి ఉంటే కాగితం మీద ఉండాలి. లేదంటే ల్యాబ్ దాటొద్దు.

పద్ధతి

1. ముందు నల్ల తెరతో భయం పోగొట్టుకుందాం

ఓవర్‌దివైర్ అనే సైట్‌లో బ్యాండిట్ అనే ఆట ఉంది. ఉచితం. లైనక్స్ కమాండ్లు నేర్పడానికి ఇంతకంటే మంచిది నాకు కనబడలేదు. ప్రతి మెట్టులోనూ ఒక పాస్‌వర్డ్ ఎక్కడో దాచి ఉంటుంది, అది దొరికితే తర్వాతి మెట్టు తెరుచుకుంటుంది.

విండోస్‌లో పవర్‌షెల్ తెరవండి. దూరంగా ఉన్న యంత్రంలోకి వెళ్లడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ కమాండ్ ఇప్పుడొచ్చే విండోస్‌లో ముందే ఉంటుంది. సర్వర్ చిరునామా, మొదటి యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఆ ఆట పేజీలోనే ఇస్తారు. పోర్ట్ 2220 అని ప్రత్యేకంగా చెప్పాలి, చెప్పకపోతే ఎస్ఎస్‌హెచ్ తన మామూలు పోర్ట్ 22కి వెళ్లిపోతుంది. మొదటిసారి ఈ సర్వర్‌ను నమ్మమంటారా అని అడుగుతుంది. ఇంగ్లిష్‌లో ‘ఎస్’ (వై, ఈ, ఎస్) అని మూడక్షరాలూ పూర్తిగా కొట్టాలి.

ఆ తర్వాత పాస్‌వర్డ్ అడుగుతుంది. మీరు కొడతారు, తెర మీద ఏమీ కనబడదు. చుక్కలు కూడా రావు. కీబోర్డు పాడైందేమో అని కంగారుపడకండి, ఎస్ఎస్‌హెచ్ తీరే అంత. చూసుకుంటూ కొట్టి ఎంటర్ నొక్కండి.

మొదటి మెట్టు సులువు. ‘ఎల్ఎస్’ కొడితే ఫైళ్ల పేర్లు వస్తాయి, ‘క్యాట్’ కొట్టి ఫైల్ పేరు రాస్తే లోపలున్నది కనిపిస్తుంది. అసలు తమాషా రెండో మెట్టులో ఉంది. అక్కడ ఫైల్ పేరే ఒక చిన్న అడ్డగీత. ‘క్యాట్’ పక్కన అడ్డగీత పెట్టి ఎంటర్ కొడితే తెర అలా నిలిచిపోతుంది. ఎందుకంటే అడ్డగీత అంటే ఫైల్ పేరని క్యాట్ అనుకోదు, కీబోర్డు మీద మీరు కొట్టబోయేది చదవమన్నారని అనుకుని ఎదురుచూస్తూ ఉంటుంది. కంట్రోల్, సీ కలిపి నొక్కి బయటికి రండి. ఈసారి అడ్డగీత ముందు డాట్, స్లాష్ పెట్టండి. ‘ఈ ఫోల్డర్‌లో ఉన్న అడ్డగీత’ అని చెప్పినట్టయింది. ఫైల్ తెరుచుకుంటుంది. యంత్రం మన మాటను ఎలా అర్థం చేసుకుంటుందో పట్టించుకునే అలవాటు ఇలాంటి చోటే మొదలవుతుంది.

పదిహేనో మెట్టు దాకా వెళ్తే ప్రస్తుతానికి చాలు. ఎక్కడైనా ఇరుక్కుంటే అరగంట తన్నుకులాడండి, తర్వాతే సూచన వెతకండి. ముందే జవాబు చూస్తే పాస్‌వర్డ్ మాత్రమే దొరుకుతుంది.

2. నెట్‌వర్క్‌ను కళ్లతో చూద్దాం

పుస్తకంలో ఏడు పొరల బొమ్మ బట్టీ పట్టడం తర్వాత. ముందు వైర్‌షార్క్ ఎక్కించండి. జెరాల్డ్ కూంబ్స్ 1998లో ఇథీరియల్ అనే పేరుతో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. మీరు వాడుతున్న వైఫైని ఎంచుకుని మొదలెట్టగానే వరదలా వరసలు పారుతుంటాయి. బెదరకండి. పైనున్న ఫిల్టర్ గళ్లో ‘డీఎన్ఎస్’ అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. బ్రౌజర్‌లో ఏదైనా కొత్త సైట్ తెరిచి వెనక్కి రండి. ఆ సైట్ పేరు వైర్‌షార్క్‌లో కనబడుతుంది. ‘ఈ పేరుగల సర్వర్ ఐపీ ఏమిటి’ అని మీ కంప్యూటర్ అడిగింది, జవాబు వచ్చింది. ఒకవేళ కనబడకపోతే మీ బ్రౌజర్ ‘సెక్యూర్ డీఎన్ఎస్’ వాడుతుండవచ్చు. సెట్టింగ్స్‌లో కాసేపు ఆపి చూసి, మళ్లీ ఆన్ చేసేయండి.

ఇప్పుడు ఫిల్టర్‌ను ‘టీసీపీ’కి మార్చండి. సిన్, సిన్-ఆక్, ఆక్ అని మూడు వరసలు వెంటవెంటనే కనిపించే చోటు పట్టుకోండి. రెండు యంత్రాలు మాట్లాడుకునే ముందు చేసే పలకరింపు అది. ఇంటర్వ్యూల్లో తరచుగా వచ్చే ప్రశ్న కూడా. కళ్లారా చూసినవాళ్లు చెప్పే తీరుకూ, బట్టీ పట్టినవాళ్లు చెప్పే తీరుకూ తేడా ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది.

కొన్ని పోర్టులు కంఠతా రావాలి. 22 ఎస్ఎస్‌హెచ్, 53 డీఎన్ఎస్, 80 హెచ్‌టీటీపీ, 443 హెచ్‌టీటీపీఎస్, 445 విండోస్ ఫైల్ షేరింగ్, 3389 రిమోట్ డెస్క్‌టాప్. ఈ 445ను గుర్తుపెట్టుకోవడానికి ఒక సంఘటన ఉంది. విండోస్ ఫైల్ షేరింగ్‌లోని ఒక లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న ప్యాచ్ ఇచ్చింది. మే 12న వాన్నాక్రై రాన్సమ్‌వేర్ అదే లోపంలోంచి దూరి ప్రపంచమంతా పాకింది. మధ్యలో దాదాపు రెండు నెలలున్నా ప్యాచ్ వెయ్యని కంప్యూటర్లు దానికి చిక్కాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా అప్పుడు దాని బారిన పడ్డాయి. ‘అప్‌డేట్ తర్వాత చూద్దాం’ అని ఎవరైనా అంటే చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ వెతకనక్కర్లేదు.

3. ల్యాబ్ కడదాం

(అ) వర్చువల్‌బాక్స్ ఎక్కించే ముందు బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఇంటెల్‌లో వీటీ-ఎక్స్ అని, ఏఎండీలో ఎస్‌వీఎం అని ఉంటుంది. ఆన్‌లో లేకపోతే యంత్రం మొదలవ్వకుండా ఎర్రర్ వస్తుంది. అన్నీ సరిగ్గా ఉన్నా నత్తనడక నడుస్తుంటే విండో అడుగున పచ్చ తాబేలు బొమ్మ ఉందేమో చూడండి. విండోస్‌లోని హైపర్-వీ అడ్డం పడుతోందని దానర్థం.

(ఆ) దించిన ఫైల్ సరైనదేనా అని సరిచూద్దాం. అధికారిక సైట్‌లో ఫైల్ పక్కనే షా-256 అని అంకెలు, అక్షరాలు కలిసిన పొడవాటి వరస ఇస్తారు. పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ కమాండ్‌తో మీ ఫైల్‌ది తీసి పోల్చండి. కొత్తవాళ్లు ఎక్కువగా దాటేసే పని ఇదే. రెండు నిమిషాల ఈ పని ఇప్పుడే అలవాటు చేసుకోండి, రేపు ఉద్యోగంలో అనుమానం ఉన్న ఫైల్‌ను గుర్తించడానికి చేసేదీ ఇదే.

(ఇ) ఉబుంటు సర్వర్ యంత్రం తయారుచేద్దాం. 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్క్ ఇవ్వండి. ఐఎస్‌ఓ ఎంచుకోగానే వర్చువల్‌బాక్స్ కొత్త వెర్షన్లు అత్యుత్సాహంతో ఇన్‌స్టాలేషన్ తామే చేస్తామంటాయి. ఒప్పుకుంటే యూజర్ పేరూ పాస్‌వర్డూ అవే పెట్టేస్తాయి, మీరు బయట నిలబడతారు. ‘అనటెండెడ్ ఇన్‌స్టాలేషన్’ వద్దని ఎంచుకుని మన చేత్తో మనమే చేద్దాం. దారిలో ‘ఓపెన్ ఎస్ఎస్‌హెచ్ సర్వర్ ఎక్కించాలా’ అని అడుగుతుంది. అక్కడ స్పేస్‌బార్ నొక్కి టిక్ పెట్టడం మరవకండి. ఎంటర్ మీద ఎంటర్ కొట్టుకుంటూ పోయేవాళ్లు దీన్ని దాటేస్తారు. తర్వాతి మెట్టులో తలుపే లేని ఇంటి ముందు నిలబడ్డట్టవుతుంది.

(ఈ) కాలీ ఫైల్‌ను 7-జిప్‌తో విప్పి వర్చువల్‌బాక్స్‌లో చేర్చండి. దీనికీ 2 జీబీ ర్యామ్. యూజర్ పేరు, పాస్‌వర్డ్ రెండూ ‘కాలీ’ అనే వస్తాయి. లోపలికి వెళ్లగానే పాస్‌వర్డ్ మార్చండి.

(ఉ) రెండింటిలోనూ అప్‌డేట్లు పూర్తి చేశాక నెట్‌వర్క్ సెట్టింగ్‌ను ‘న్యాట్’ నుంచి ‘హోస్ట్-ఓన్లీ’కి మార్చండి. ఇక ఆ రెండూ ఒకదానితో ఒకటి, మీ కంప్యూటర్‌తో మాత్రమే మాట్లాడగలవు, బయటి ఇంటర్నెట్ ఉండదు. ఈ వరస తిరగబడితే అప్‌డేట్లు రావు. రెండింటిలోనూ ‘ఐపీ’ అని కొట్టి స్పేస్ ఇచ్చి ‘ఏ’ కొడితే చిరునామా వస్తుంది. మామూలుగా 192.168.56తో మొదలవుతుంది. ఒకదాన్నుంచి మరోదాన్ని పింగ్ చేయండి. జవాబు వస్తే ల్యాబ్ నిలబడినట్టే. చిరునామాయే రాకపోతే వర్చువల్‌బాక్స్ నెట్‌వర్క్ మేనేజర్‌లో డీహెచ్‌సీపీ ఆన్ చేశారో లేదో చూడండి.

(ఊ) రెండింటికీ ఒక్కో స్నాప్‌షాట్ తీసుకోండి. ఏం చెడగొట్టినా ఒక్క నొక్కుతో ఈ స్థితికి రావచ్చు. స్నాప్‌షాట్ ఉందన్న ధైర్యం ఉంటేనే ప్రయోగాలు చెయ్యబుద్ధేస్తుంది.

4. తలుపు తడదాం, ఆనవాళ్లు చూద్దాం

ఇక్కడ తొందరపడొద్దు. ఈ సాధన మొత్తానికీ గుండెకాయ ఈ మెట్టే.

కాలీలోంచి ఉబుంటుకు ఎస్ఎస్‌హెచ్ చేయండి. మొదట ‘అడ్మిన్’ అనే లేని పేరుతో, ఏదో ఒక తప్పు పాస్‌వర్డ్‌తో. మూడుసార్లు తప్పాక కనెక్షన్ తెగిపోతుంది. తర్వాత ‘రూట్’ పేరుతో మూడుసార్లు తప్పు కొట్టండి. ఆ తర్వాత మీరు ఉబుంటులో పెట్టుకున్న అసలు పేరుతో రెండుసార్లు తప్పు, మూడోసారి ఒప్పు. లోపలికి వెళ్లారు. ఎన్నిసార్లు ఏ పేరుతో కొట్టారో, ఏ సమయంలో కొట్టారో నోట్‌బుక్‌లో రాసి పెట్టండి. దీంతో తర్వాత పని ఉంది.

ఇప్పుడు ఉబుంటు యంత్రంలో వార్ ఫోల్డర్‌లోని లాగ్ ఫోల్డర్‌కు వెళ్లి ‘ఆథ్ డాట్ లాగ్’ ఫైల్ తెరవండి. చదవనివ్వకపోతే ముందు ‘సుడో’ చేర్చండి. అన్నీ చదవక్కర్లేదు, ‘గ్రెప్’ కమాండ్‌తో ‘ఫెయిల్డ్ పాస్‌వర్డ్’ అన్న మాటలున్న వరసలు మాత్రం ఏరుకుందాం. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా గ్రెప్ పట్టించుకుంటుంది, ఎఫ్ పెద్దది కొట్టాలి.

ఒక వరసను ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా చదువుదాం. మొదట సమయం. తర్వాత యంత్రం పేరు. తర్వాత ఎస్ఎస్‌హెచ్ ప్రోగ్రామ్ పేరు, బ్రాకెట్లలో దాని ప్రాసెస్ సంఖ్య. తర్వాత అసలు విషయం: ఏ పేరుతో ప్రయత్నించారు, ఏ ఐపీ నుంచి, ఏ పోర్ట్. ‘అడ్మిన్’ వరసలో ‘ఇన్‌వ్యాలిడ్ యూజర్’ అని ఉంది చూడండి, ‘రూట్’ వరసలో అది లేదు. అంటే రూట్ అనే ఖాతా ఈ యంత్రంలో ఉంది, అడ్మిన్ లేదు. లేని పేర్లు పదేపదే వస్తుంటే ఎవరో గుడ్డిగా జాబితా పట్టుకుని కొడుతున్నారని అనుమానించాలి.

మూడు చోట్ల కొత్తవాళ్లు దెబ్బతింటారు.

మొదటిది పోర్ట్. వరస చివర 22 ఉంటుందని ఎదురుచూస్తే, ఏదో ఐదంకెల సంఖ్య ఉంటుంది. అది తట్టినవాళ్ల వైపు పోర్ట్, ప్రతి కనెక్షన్‌కూ మారుతుంది. ‘ఫలానా పోర్ట్ మీద దాడి జరిగింది’ అని దాన్ని టికెట్‌లో రాస్తే ఎల్2 వాళ్లు నవ్వుకుంటారు.

రెండోది లెక్క. రూట్‌తో మూడుసార్లు తప్పు కొట్టారు కదా, గ్రెప్ చేసి వరసలు లెక్కపెడితే కొన్నిసార్లు రెండే వస్తాయి. జాగ్రత్తగా చూడండి. రెండో వరసలో ‘మెసేజ్ రిపీటెడ్ 2 టైమ్స్’ అని ఉంటుంది. ఒకేలాంటి వరసలు వెంటవెంటనే వస్తే ఉబుంటు వాటిని కుదించి రాస్తుంది. వరసల సంఖ్యే ప్రయత్నాల సంఖ్య అనుకుంటే లెక్క తప్పుతుంది. నోట్‌బుక్‌లో రాసుకున్నది ఇప్పుడు తీసి పోల్చండి.

మూడోది సమయం. మీ గోడ గడియారంలో ఉదయం 10 అయితే లాగ్‌లో 4:30 ఉంటుంది. ఉబుంటు సర్వర్ మామూలుగా యూటీసీ రాస్తుంది, మనది దానికి ఐదున్నర గంటలు ముందు. ఒక యంత్రం యూటీసీలో, ఇంకోటి మన సమయంలో రాస్తుంటే ఏది ముందు జరిగిందో, ఏది వెనక జరిగిందో తారుమారవుతుంది. నోట్‌లో ఎప్పుడూ రెండు సమయాలూ రాయండి. దేశంలో సైబర్ సంఘటనలను చూసే సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో సంస్థలన్నీ తమ గడియారాలను ఒకే ప్రామాణిక సమయానికి కలపాలని చెప్పింది. లాగ్‌లు 180 రోజులు దాచాలని, సంఘటన తెలిసిన 6 గంటల్లో తమకు చెప్పాలని కూడా అందులోనే ఉంది. ఆ 6 గంటల్లో ఐదున్నర గంటల తేడా వస్తే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

చివరగా ‘యాక్సెప్టెడ్ పాస్‌వర్డ్’ కోసం వెతకండి. మీరు లోపలికి వెళ్లిన వరస అది. కొత్తవాళ్లు ఫెయిల్డ్ దగ్గరే ఆగిపోతారు. వందసార్లు విఫలమైనవాడు బయటే ఉన్నాడు, భయపడాల్సింది ఒక్కసారి గెలిచినవాడి గురించి. ఫెయిల్డ్ వరసలు చూసిన ప్రతిసారీ అదే ఐపీ నుంచి యాక్సెప్టెడ్ ఉందేమో చూడటం చేతికి అలవాటు చేసుకోండి.

5. అర పేజీ నోట్ రాద్దాం

చాలామంది ఇక్కడే జారిపోతారు. ‘అర్థమైంది కదా, రాయడమెందుకు’ అంటారు. ఉద్యోగంలో మీ పని కనిపించేది ఈ రాతలోనే.

వరస ఇలా పెట్టుకుందాం: ఏం జరిగింది (ఒక్క వాక్యం), ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసింది, ఎక్కడి నుంచి ఎక్కడికి, సాక్ష్యంగా రెండు మూడు లాగ్ వరసలు, మన తీర్పు, తర్వాత చెయ్యాల్సింది. తీర్పుకు కారణం తప్పనిసరిగా రాయాలి. ఉదయం తొమ్మిదింటికి, ఎప్పుడూ వచ్చే ఐపీ నుంచి, ఒకే పేరుతో మూడు తప్పులూ ఒక ఒప్పూ ఉంటే ఉద్యోగి పాస్‌వర్డ్ మరిచిపోయాడనుకోవచ్చు. అయినా ఫోన్ చేసి అడిగి మూసెయ్యాలి. తెల్లవారుజామున మూడింటికి, కొత్త ఐపీ నుంచి, క్షణాల తేడాతో నలభై పేర్లు, వాటిలో ఒకటి లోపలికి వెళ్లిందంటే ఆలోచించకుండా ఎల్2ని లేపాలి. ఇలాంటి పాస్‌వర్డ్ దాడికి, దాడి పద్ధతులను వరసపెట్టిన మైటర్ అటాక్ పట్టికలో టీ1110 అని సంఖ్య ఉంది. నోట్‌లో అది కూడా చేర్చండి.

తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఇంగ్లిష్‌లో టికెట్ రాయాలంటే జంకుతారు. జంకక్కర్లేదు. ముందు తెలుగులో రాసుకుని విషయం తేటపడ్డాక, పొట్టి వాక్యాల్లో ఇంగ్లిష్‌లోకి తిప్పండి. ఒక వాక్యంలో ఒక సంగతే. మంచి టికెట్‌కు పెద్ద పదాలతో పనిలేదు, చదివినవాళ్లు మళ్లీ ఫోన్ చేసి అడగకుండా ఉంటే చాలు.

6. విండోస్ వైపు కూడా

ఆఫీసుల్లో ఎక్కువగా ఉండేది విండోసే. ఈవెంట్ వ్యూయర్ తెరిచి సెక్యూరిటీ లాగ్‌లో 4624, 4625 సంఖ్యలు వెతకండి. మొదటిది లాగిన్ విజయం, రెండోది వైఫల్యం. 4625 ఎంతకీ రాకపోతే ఆడిట్ సెట్టింగ్‌లో ఫెయిల్యూర్ ఆన్ చెయ్యాలి. లోపల ‘లాగాన్ టైప్’ అని ఉంటుంది. 2 అంటే కీబోర్డు ముందు కూర్చున్నవాళ్లు, 3 అంటే నెట్‌వర్క్ ద్వారా, 10 అంటే రిమోట్ డెస్క్‌టాప్. మళ్లీ ఒక అర పేజీ నోట్.

7. పెద్ద పనిముట్లు

ఇన్ని లాగ్‌లను ఒకచోట చేర్చి వెతికే సాఫ్ట్‌వేర్‌ను సీమ్ అంటారు. స్ప్లంక్‌లో రోజుకు 500 ఎంబీ దాకా ఉచిత లైసెన్స్ ఉంది, వాజూ పూర్తిగా ఉచితం. 8 జీబీ ర్యామ్ మీద వాజూను, ఆ రెండు యంత్రాలను ఒకేసారి నడపబోతే కంప్యూటర్ మొరాయిస్తుంది. స్ప్లంక్‌లోకి మీ ఆథ్ లాగ్ ఎక్కించి, గ్రెప్‌తో తీసిన జవాబులే మళ్లీ తీయండి. ఒకటి వస్తే రెండోదానికి మారడం కష్టం కాదు.

8. సర్టిఫికెట్, రెజ్యూమే

సర్టిఫికెట్ గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే దీని మీద మాట్లాడేవాళ్లు ఇప్పటికే ఎక్కువయ్యారు. మొదటిదిగా కాంప్‌టియా సెక్యూరిటీ ప్లస్ నాకు నచ్చుతుంది. 90 నిమిషాల్లో గరిష్ఠంగా 90 ప్రశ్నలు, పరిధి విశాలం. అంత ఖర్చు పెట్టలేకపోతే ఐఎస్‌సీ2 వాళ్ల సీసీ చూడండి. మన దేశపు ఉద్యోగ ప్రకటనల్లో సీఈహెచ్ తరచుగా కనబడుతుంది. ఓఎస్‌సీపీ దాడి వైపు వెళ్లేవాళ్లకు, అదీ తర్వాత. సీఐఎస్ఎస్‌పీకి ఐదేళ్ల అనుభవం అడుగుతారు, డిగ్రీ చదువుతూ దాని గురించి బెంగ వద్దు. క్లాసులో కూర్చుని నేర్చుకోవాలనుకునే ఇంజినీరింగ్ వాళ్లకు సీ-డ్యాక్‌లో సిస్టమ్స్, సెక్యూరిటీ పీజీ డిప్లొమా ఉంది.

రెజ్యూమేలో ‘కాలీ, ఎన్‌మ్యాప్, మెటాస్‌ప్లాయిట్ తెలుసు’ అని రాస్తే అందరి రెజ్యూమేలాగే ఉంటుంది. దాని బదులు మీ నోట్లలో మంచివి నాలుగైదు గిట్‌హబ్‌లో పెట్టి ఆ లింకు ఇవ్వండి. పెట్టేముందు స్క్రీన్‌షాట్లలో పాస్‌వర్డ్, ఇంటి ఐపీ లేకుండా చూసుకోండి. సెక్యూరిటీ ఉద్యోగానికి పంపే లింకులోనే పాస్‌వర్డ్ కనిపిస్తే ఇక ఇంటర్వ్యూ ఎందుకు? బ్యాండిట్ జవాబులు కూడా పెట్టొద్దు, ఆట పెట్టినవాళ్లు వద్దని కోరారు.

ఎస్‌ఓసీ అనలిస్ట్ పేరుతోనే వెతక్కండి. డెస్క్‌టాప్ సపోర్ట్, నెట్‌వర్క్ మానిటరింగ్, సిస్టమ్ అడ్మిన్ ఉద్యోగాల నుంచి ఏడాది రెండేళ్లలో ఇటు వచ్చినవాళ్లు ఎందరో. వాళ్లకు యంత్రాలు మామూలు రోజుల్లో ఎలా ప్రవర్తిస్తాయో తెలుసు, అందుకే తేడా త్వరగా పసిగడతారు.

తరచుగా జరిగే పొరపాట్లు

పనిముట్లు పోగెయ్యడం. వారానికో కొత్త టూల్ ఎక్కించి, దేన్నీ పూర్తిగా వాడకుండా ఇంకోదానికి పోతారు. గ్రెప్, వైర్‌షార్క్, ఒక సీమ్. ఆరు నెలలు ఇవి చాలు.

డంపులు, అంటే బయటికి పొక్కిన పరీక్ష ప్రశ్నలు, బట్టీ పట్టడం. పరీక్ష పాసవుతారు, ఇంటర్వ్యూలో ‘ఈ లాగ్ చదవండి’ అని కాగితం చేతికిస్తే నోరు పెగలదు. డంపులు వాడినట్టు తేలితే సర్టిఫికెట్ రద్దు చేస్తారు కూడా.

బలహీనమైన యంత్రాన్ని ఇంటి వైఫైకి కలపడం. సాధన కోసం కావాలని లోపాలతో చేసిన మెటాస్‌ప్లాయిటబుల్ లాంటివి ‘బ్రిడ్జ్‌డ్’ మోడ్‌లో పెడితే ఇంట్లో అందరి ఫోన్లూ ఉన్న నెట్‌వర్క్‌లోకి దాన్ని తెచ్చిపెట్టినట్టే. వాటికి ఎప్పుడూ హోస్ట్-ఓన్లీయే.

ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టడం. హైదరాబాద్‌లో అమీర్‌పేట వైపు వెళ్తే రెండేళ్ల అనుభవం కాగితాలు ఇప్పిస్తామనేవాళ్లు, డబ్బు కడితే బ్యాక్‌డోర్‌లో ఉద్యోగమనేవాళ్లు తగులుతారు. వేరే రంగాల సంగతి ఎలా ఉన్నా ఇక్కడ అది ఆత్మహత్యే. నమ్మకం మీద నడిచే పని ఇది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ గట్టిగా చేస్తారు. అక్కడ మంచిగా చెప్పే శిక్షకులూ ఉన్నారు. డబ్బు కట్టే ముందు ఒకటే అడగండి: ‘ల్యాబ్‌లో నా చేత్తో నేను ఎన్ని లాగ్‌లు చదువుతాను?’ నీళ్లు నమిలితే లేచి వచ్చెయ్యండి.

షిఫ్టుల సంగతి అడక్కుండా ఆఫర్ ఒప్పుకోవడం. ఎల్1లో నైట్ షిఫ్టు దాదాపు తప్పదు. ఎన్ని వారాలకోసారి మారుతుంది, రాత్రి క్యాబ్ ఉందా, నైట్ అలవెన్స్ ఎంత, ఎల్2కి వెళ్లడానికి మామూలుగా ఎంతకాలం పడుతోంది, మొదటి నెలల్లో పక్కన కూర్చుని నేర్పేవాళ్లు ఉంటారా అన్నవి హెచ్‌ఆర్‌ను మొహమాటపడకుండా అడిగి, జవాబులు ఈమెయిల్‌లో తెప్పించుకుని, అప్పుడు సంతకం పెట్టండి.